మిగిలిన తోలు

కల్లు గీయడానికి తాడు, అంటే తాటిచెట్టు, ఎక్కేవాళ్ళు అంగీ తొడుక్కోరు. మా బాపు తొడుక్కోలేదు, వయసులో ఉన్నప్పుడు నేనూ తొడుక్కోలేదు. నడుముకు కత్తులు పెట్టుకునే ముత్తాదు పట్టీ బిగించి, చెట్టు చుట్టూ మోకు వేసుకుని, గోచీతో ఎక్కడమే. ఈ ఎండాకాలం మాత్రం నేను నిండు చేతుల అంగీ తొడిగి, గుండీలన్నీ పెట్టుకుని ఎక్కాను.

కారణం నా ఒంటి మీది తోలు.

నడుమ చాలా ఏండ్లు కోరుట్లలో కల్లు దుకాణం మీద కూర్చున్నాను. కూర్చుని కూర్చుని లావయ్యాను. మోకాళ్ళు పట్టేశాయి. మా ఇంటిది చనిపోయాక దుకాణం వేరేవాళ్ళకు అప్పగించి ఊరికి వచ్చేశాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. నాకు మాట్లాడడం పెద్దగా రాదు. కాని పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతుంటే వినాలి. తాళ్ళ కింద పొద్దున్నే నలుగురు చేరతారు, కల్లు తాగుతూ ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకుంటారు. మళ్ళీ తాళ్ళెక్కితే అవి వినొచ్చు అనుకున్నాను. జగిత్యాలలో డాక్టరును అడిగితే, "బరువు తగ్గితె ఎక్కు. లేకపోతె చెట్టు ముచ్చట మర్చిపో" అన్నాడు.

తగ్గాను. అన్నం మానేసి జొన్నరొట్టె, ఆకుకూర తిన్నాను. పొద్దున, మాపటీలి కాలువ గట్టు మీద నడిచాను. రెండేండ్లు దాటింది. ఒంట్లో కొవ్వు పోయింది, తోలు పోలేదు. పొట్ట మీది తోలు మడతపడి గోచీ మీదికి వేలాడింది. చేయెత్తితే జబ్బల కింద ఊగింది. ముత్తాదు కడితే ఆ మడత నలిగి ఎర్రగా ఒరుసుకుపోయేది. మళ్ళీ జగిత్యాల పోయి చూపించాను.

"ఈ వయసుల గిది గుంజుకోదు పెద్దాయనా. కోసి కుట్టాలె, దానికి హైదరాబాద్ పోవాలె. లేకుంటె తడి లేకుండ చూసుకో, గుడ్డ కట్టుకో" అన్నాడు డాక్టరు.

గుడ్డ కట్టుకోవడం ఒక్కడితో అయ్యే పని కాదు. ఒకరు మడత ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు చుట్టాలి. నేను గుడ్డ కొస తలుపు గొళ్ళేనికి ముడివేసి, రెండు చేతులతో పొట్ట ఎత్తి పట్టుకుని, గిరగిరా తిరుగుతూ చుట్టుకునేవాణ్ణి. దాని మీద అంగీ.

ఎక్కడం మొదలుపెట్టిన కొత్తలో నా తాళ్ళ కిందికి మనుషులు బాగానే వచ్చారు. తర్వాత ఒక్కొక్కరే పక్కనున్న రాజలింగం తాళ్ళ కిందికి జరిగారు. రాజలింగం నాకు బావ వరస. నా కల్లు పులిసిందేమోనని తాగి చూసుకున్నాను. బాగానే ఉంది. కల్లు పట్టే లొట్లు మళ్ళీ కడిగాను. చివరికి బీడీలు చేసే సత్యవ్వ కూడా నా ముందు నుంచే నడిచి అటు పోయింది. ఎందుకని నేను అడగలేదు. కల్లు చెట్టు మొదట్లో పారబోసి ఇంటికి వచ్చేవాణ్ణి.

ఆ రోజుల్లోనే సిరిసిల్ల నుంచి నా బిడ్డ రాధ ఫోన్ చేసి ఒకసారి వచ్చిపొమ్మంది. పోయాను. వాళ్ళత్త వాకిట్లోనే కుర్చీ వేసింది. నేను నీళ్ళు తాగిన గ్లాసును లోపలికి తీసుకుపోకుండా గోడ వారకు పెట్టింది. మనవరాలు అక్షిత నా దగ్గరికి ఉరికి వస్తుంటే రెక్క పట్టి ఆపింది. రాధ అదంతా చూసింది.

బస్సుకు లేచినప్పుడు రాధ గల్లీ మూల దాకా నాతో వచ్చింది.

"బాపూ, నిజం చెప్పు. నీకు ఏం రోగం?"

"రోగమేంది?"

"ఊర్ల అందరు అంటున్నరట. గంత మనిషివి గిట్లయినవు. తాడెక్కెటోడు అంగి తొడుగుతడా? లోపల ఏదో పెద్ద రోగమే దాసుకున్నడు అంటున్నరు. నీ చేతి కల్లు తాగాలంటె భయపడుతున్నరట."

"తగ్గిన. గంతే."

"మరి అంగి ఇప్పి సూపియ్యి."

పక్కింట్లో మరమగ్గాలు టకటకమంటున్నాయి. నా చెయ్యి పై గుండీ దాకా పోయింది, అక్కడే ఆగింది. పెండ్లయిన బిడ్డ ముందు నా వల్ల కాలేదు.

"బస్సు పోతది" అన్నాను.

రాధ అక్కడే నిలబడిపోయింది. నేను వెనక్కి తిరగలేదు.

తెల్లారి తాళ్ళ దగ్గరికి పోయి ఒక చెట్టు కల్లు దించాను. రాజలింగం తాళ్ళ కింద మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళకు ఎదురుగా నిలబడి అంగీ విప్పాను. గుడ్డ కూడా విప్పాను.

"ఏందిర బావా, సంచి దులిపినట్టున్నవు!" అన్నాడు రాజలింగం. ఎవరో కిసుక్కున నవ్వారు.

"సూడుర్రి" అన్నాను. "గీ ఎర్రగున్నది ముత్తాదు ఒరుసుకున్నది. మిగతది ఉత్త తోలు. లోపల కొవ్వు పోయింది, తోలు మిగిలింది. రోగం లేదు."

అంత పొడుగు మాట నేను చాలా కాలానికి మాట్లాడాను. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సత్యవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"దగ్గరికి రా, నాకు కండ్లు ఆనయి."

పోయాను. ఆమె రెండు వేళ్ళతో నా పొట్ట మీది మడత పట్టి గుంజింది, వదిలింది. మళ్ళీ గుంజింది. ఆమె వేళ్ళకు తంబాకు వాసన ఉంది.

"ఓరి నీ పాడుగాను! గిదా నువ్వు దాసుకున్నది? ఐదుగుర్ని కన్న నా కడుపు గింతకన్న అన్యాలంగున్నది. నేనేమన్న దాసుకుంట తిరుగుతున్ననా?"

"చీర కట్టుకున్నవు గదనే అవ్వా" అన్నాడు రాజలింగం.

"నీ నోట్ల మన్ను వడ!" అంది సత్యవ్వ. ఈసారి అందరూ నవ్వారు.

ఆమె తాటాకును దొప్పలా మడిచి నోటికి పెట్టుకుని, "కల్లు పొయ్యిరా" అంది. లొట్టి వంచాను. తాగుతున్నంతసేపు అందరూ ఆమె గొంతు వైపే చూశారు. మూతి తుడుచుకుంది.

"ఇంకింత పొయ్యి."

ఇద్దరు లేచి నా వైపు వచ్చారు. మిగతావాళ్ళు కదలలేదు. ఒకాయన మొఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను వచ్చినవాళ్ళకు పోశాను.

సత్యవ్వ నేల మీద పడున్న గుడ్డను చూసింది. "గది నీకు ఎవలు గడుతరురా?"

"తలుపు."

"తలుపా?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. తాటాకు పక్కన పెట్టి, గుడ్డ ఎత్తి దులిపింది. "పొట్ట పట్టుకో" అంది. నేను పట్టుకున్నాను. ఆమె నా చుట్టూ తిరిగి చుట్టి, నడుము పక్కన ముడివేసింది. ముడి వదులుగా ఉంది. నేను దాన్ని బిగించలేదు.

ఇంకో చెట్టు గీయాల్సి ఉంది. ముత్తాదు కట్టుకుని, మోకు వేసుకుని ఎక్కాను. సగం చెట్టు మీద గుడ్డ జారింది. తోలు మళ్ళీ నలగడం మొదలైంది. అయినా చెట్టు కొనకు, మొవ్వు దాకా ఎక్కాను. కింద వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నా గురించో, ఇంకెవరి గురించో, అంత పైకి మాటలు తెలియడం లేదు, గొంతులు మాత్రం వస్తున్నాయి. కత్తి తీయకుండా కొంచెంసేపు వాటిని వింటూ ఉన్నాను.