పిక్కలు కొట్టే వంతు

బాపట్లలో సాయంత్రాలు ప్రోగ్రామింగ్ చెప్పే మధుబాబు దగ్గరికి వేటపాలెం జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే రిబ్కా వచ్చి చేరితే, అతనికి నవ్వొచ్చిన మాట నిజం.

"ఉద్యోగానికా అక్కా?"

"ఈ వయసులో నాకెందుకు సార్ ఉద్యోగం! మా దగ్గర జీడిపిక్కలు కొట్టే వంతులు తేల్చడానికండి."

పిక్క కొడితే కారే సొనకి చేతులు బొబ్బలెక్కుతాయి. ఆముదం రాసుకున్నా ఆగదు. పొట్టు తీసే పని హాయి, కానీ ఆ హాయి ఎప్పుడూ మేస్త్రీ రంగనాయకులుకి నచ్చినవాళ్లకే. కంప్యూటర్ వంతులు వేస్తే ఒప్పుకుంటాననీ, మొదటి వారంలో ఒక్క తగువొచ్చినా మళ్లీ పాత పద్ధతేననీ ఆయన తెగేసి చెప్పాడు. ముప్పైమంది ఆడవాళ్ల చేతులు ఆ వారం మీద ఆధారపడి ఉన్నాయి.

రెండు నెలలు కిందా మీదా పడి రిబ్కా ప్రోగ్రాం రాసింది. మొదలెట్టిన మూడో రోజే చిక్కొచ్చింది. వంతు నిర్మలకొచ్చింది. నిర్మల అరచేతులు అప్పటికే పుండ్లు. ఆడవాళ్లు గొంతు పెంచబోయారు, మేస్త్రీ తలెత్తి చూశాడు. "ఇవాళ్టి వంతు నాదిలే" అంటూ రిబ్కా పీట లాక్కుని కూర్చుంది.

ఆ సాయంత్రం చేతికి గుడ్డ చుట్టుకుని క్లాసుకొచ్చింది.

"చేతులు పుండైనవాళ్లని వదిలెయ్యమని దీనికెలా చెప్పాలి సార్?"

మధుబాబు పగలు ఇంజనీరింగ్ పిల్లలకి పదేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాడు. ఒక్కడూ ఇలా అడిగిన పాపాన పోలేదు. దగ్గర కూర్చుని చూపించాడు. "ఒకవేళ అందరి చేతులూ పుండైతే? అది కూడా చెప్పకపోతే ప్రోగ్రాం ఆగిపోతుందక్కా."

రిబ్కా ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చివరి వరుస కొట్టింది. మధుబాబు వంగి చదివాడు. ఎవరూ దొరక్కపోతే, రిబ్కా.

"మీ చేతులూ పుండేగా అక్కా!"

"రాసేది నేనైనప్పుడు ఇంకొకరి పేరెలా పెడతానండి?"

మొదటి రోజు నవ్వినందుకు మధుబాబు సిగ్గుపడ్డాడు.

వారం తగువు లేకుండా గడిచింది. రంగనాయకులు మాట తప్పలేదు, వంతుల కాగితం తనే గోడకి అంటించాడు. సోమవారం మధుబాబు ఇంజనీరింగ్ క్లాసులో ఆ చివరి వరుసే బోర్డు మీద రాశాడు.

"రిబ్కా ఎవరు సార్?" అని వెనకనుంచి ఒకడు అడిగాడు.

"వేటపాలెంలో పిక్కలు కొడతారు" అన్నాడు మధుబాబు.