రెండు నల్ల పట్టీలు

కృపారావు డిస్కును చూపుడువేలికి ఉంగరంలా తొడిగి, అడుగువైపు ఒకసారి ఊది, ట్రేలో పెట్టాడు. నిజానికి ఊదాల్సిన పనేం లేదు. ఇప్పుడే కవరు చింపిన డిస్కు మీద దుమ్మెక్కడిది? ఇరవై ఏళ్ళుగా ఊదుతున్నాడు కాబట్టి ఇవాళా ఊదాడు. ట్రే లోపలికి పోయింది. నందిగామ నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి మూత నిండా టీ వంపుకున్నాడు.

జగ్గయ్యపేటలో వీరేంద్ర స్టూడియోకి రెండు గదులు. ముందు గదికి ఏసీ ఉంది. పెళ్ళి కాకముందే పత్తి చేలల్లో చేతులు పట్టుకుని పరిగెత్తే జంటల ఫొటోలు గోడల నిండా ఉంటాయి. రెండో గది మెట్ల కింద ఉంది, అది కృపారావుది. యాభై ఆరేళ్ళ మనిషి. మెట్లకు తల తగలకుండా వంగి వంగి, బస్టాండులో నిలబడ్డా మెడ వంచుకునే ఉంటాడు.

ఇప్పుడంతా పెన్‌డ్రైవులే. ఇంట్లో ఇంకా డిస్కు ప్లేయరున్న వాళ్ళు మాత్రం కృపారావు దగ్గరికి వస్తారు. వెడల్పాటి హెచ్‌డీ వీడియోను మామూలు డీవీడీలోకి ఎక్కించడం అతని పని. పెద్ద పరుపును చిన్న సంచిలో కుక్కడం లాంటిది. ఎంత నేర్పుగా కుక్కినా కొంత పోతుంది. ఆ పోయిందేదో ఎవరికీ తెలియకుండా చూడటమే పనితనమని అతని నమ్మకం.

వెడల్పు బొమ్మ పాత డబ్బా టీవీలో పట్టాలంటే రెండే దార్లు. పైనా కిందా రెండు నల్ల పట్టీలు వదిలి బొమ్మంతా చూపించాలి, లేదా రెండు పక్కలా కోసేసి తెర నింపాలి. వెనకటికి గరికపాడు దశరథరామయ్య గారు నల్ల పట్టీలు చూసి, సగం టీవీకే బొమ్మ ఇచ్చావేంటయ్యా అని కొట్లో పదిమంది ముందు డిస్కు విసిరేశాడు. ఆ రోజు నుంచి కృపారావు కళ్ళు మూసుకుని కోసేస్తున్నాడు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఎప్పుడూ మధ్యలోనే ఉంటారు కదా, పక్కన పోయేవాళ్ళ గురించి ఎవరడుగుతారు?

తప్పు ఒప్పుకోవడమనే అలవాటు అతనికి పోయి చాలా కాలమైంది. కుర్రతనంలో, నందిగామలో ఇంకొక స్టూడియోలో పనిచేసేటప్పుడు, ఒక బాప్తిస్మం టేపు మీద వేరే పెళ్ళి రికార్డు చేసేశాడు. నిజం చెప్పేశాడు. ఓనరు ఆ కుటుంబం మొత్తం ముందు చేతులు కట్టించి క్షమాపణ చెప్పించాడు, మర్నాడు పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత ఏ తేడా వచ్చినా ప్లేయరుదో, కరెంటుదో, టీవీదో అయింది కానీ కృపారావుది కాలేదు.

"ఉన్నారాండీ?"

తలెత్తాడు. ఆదెమ్మ. పెనుగంచిప్రోలులో మిరప కోతలకు వెళ్ళే మనిషి. రెండేళ్ళ కిందట ఆమె కూతురు పరిమళ పెళ్ళి వీడియో ఇక్కడే తీశారు. ఇవాళ మొహం మీద పెద్ద నల్లద్దాలున్నాయి.

"ఆపరేషన్ చేయించుకున్నానండి. కుడి కన్ను. ఇప్పుడన్నా కనపడతాడేమో, ఒక్కసారి వేసి చూపించండి," అని సంచిలోంచి డిస్కు తీసింది.

కృపారావుకు గుర్తొచ్చింది. మూడు నెలల కిందట ఇదే డిస్కుతో వచ్చి, గ్రూపులో మా ఆయన చెయ్యే కనపడతంది, మనిషి కనపట్టంలేదండి అంది. అప్పుడతను తలెత్తకుండానే, కెమెరాలో పడిందంతా ఇచ్చానమ్మా, కళ్ళు ఒకసారి చూపించుకో, అన్నాడు. అనేటప్పుడు అనుమానం లేకపోలేదు. అయినా అన్నాడు.

డిస్కు వేశాడు. చర్చి వేదిక మీద బంధువులంతా వరసగా నిలబడ్డారు. ఎడమ అంచున ఒక చెయ్యి, ఆ చేతిలో మడత పెట్టిన రుమాలు. మోచేయి దగ్గర టీవీ అయిపోయింది.

ఆదెమ్మ అద్దాలు తీసి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, ఆపరేషన్ కన్నుతో తెరకు జానెడు దూరంలో చూసింది.

"లేడండి," అంది చివరికి. "రెండోది కూడా చేయించుకోవాలేమోలెండి. బుధవారం మళ్ళీ కంటి క్యాంపుందంట."

"డాక్టరు చేయించుకోమన్నాడా?"

"లేదండి. శుక్లం ఇంకా ముదరలా, మొదటి కన్నుక్కూడా తొందరేం లేదన్నాడు. నేనే బతిమాలుకున్నా. మీరు చెప్పారుగా."

కృపారావు ఆమెకేసి చూడలేక కంప్యూటరు వైపు తిరిగి, పాత హార్డు డిస్కు తగిలించి, పరిమళ పెళ్ళి తెరిచాడు. అసలు వీడియోలో ఆదెమ్మ భర్త ఏసోబు నిండుగా ఉన్నాడు. నూనె రాసి దువ్విన జుట్టు, మెడ దాకా గుండీ పెట్టిన తెల్లచొక్కా. వరసకు మూరెడు దూరంలో, నిలబడొచ్చా అని ఎవరినో అడుగుతున్నట్టు నిలబడ్డాడు.

"కూర్చోమ్మా. మళ్ళీ ఎక్కించి ఇస్తా. ముప్పావుగంట పడుద్ది."

ఓనరు వీరేంద్ర తలుపులోంచి తొంగిచూశాడు. "ఏంటి బాబాయ్, పాత పెళ్ళి తీశావు?"

"ప్లేయరు చదవట్లేదంట," అన్నాడు కృపారావు. నోరు అలవాటుగా అనేసింది.

ఆదెమ్మ కింద మెట్టు మీద కూర్చుంది. అతను ఇచ్చిన టీ రెండు చేతులతో పట్టుకుని, అడక్కుండానే చెప్పింది. ఏసోబు ఆ చొక్కా ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్నాడట. మధ్యలో నిలబడవయ్యా, పిల్ల తండ్రివి అంటే, నేను పడితే ఫొటో పాడవుద్దిలే అని చివరికి జరిగాడట. ఆ ఏడు వానల్లో ఒకరోజు మిరప చేలో, కాసేపు కూర్చుంటానే అని గట్టు మీద కూర్చుని, మరి లేవలేదట. ఆధార్ కార్డులో ఉన్న బొమ్మ తప్ప ఇంట్లో ఇంకో బొమ్మ లేదు.

తప్పు నాదమ్మా. రెండే మాటలు. డిస్కు ఇరవై శాతం ఎక్కినప్పుడు అందామనుకున్నాడు. యాభై దగ్గర గొంతు సవరించుకున్నాడు. తొంభై దగ్గర లేచి, బిగించే ఉన్న ఫ్లాస్కు మూత మళ్ళీ బిగించాడు.

కొత్త డిస్కు వేశాడు. పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో సన్నగా అందరూ, ఎడమ చివర ఏసోబు. ఆదెమ్మ వేలు చాపి తెర మీద అతని భుజం ముట్టుకుంది.

"ఈ నల్ల పట్టీలేంటండి?"

"అవుంటేనే చివర్న నిలబడ్డోళ్ళు కూడా పడతారమ్మా."

అది నిజం. మరి పాత డిస్కులో ఇవెందుకు లేవని ఆమె అడిగితే చెప్పేద్దామనుకున్నాడు. ఆమె అడగలేదు.

"కన్ను కుదురుకుందండి. టీ తాగి కాసేపు కూర్చునేసరికి కుదురుకుంది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "రెండోది కూడా చేయించుకుంటే మొహం ఇంకా తేటగా కనపడుద్ది."

"వద్దమ్మా. రెండోది అక్కర్లేదు."

ఆమె నవ్వింది. "మీకేం తెలుసండి, మీరేమన్నా డాక్టరా?" మళ్ళీ నొచ్చుకుంటాడేమోనని, "మీ మాట వినబట్టే కదా ఇవాళ మనిషిని చూశా. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి," అంది.

ఆ దీవెన మోసుకుంటూనే ఆటోల దగ్గరికి ఆమె వెంట నడిచాడు. పెనుగంచిప్రోలు ఆటో అప్పటికే నిండింది. ఆదెమ్మ అంచున సర్దుకుని, డిస్కును ఒళ్ళో పెట్టుకుని చెంగు కప్పింది. కృపారావు వంగి లోపలికి తల పెట్టాడు.

"ఆదెమ్మా..."

"ఏంటండి?"

ఆటోలో అందరూ చూస్తున్నారు.

"డిస్కు ఎండలో పెట్టొద్దు."

"పెట్టనండి," అంది ఆమె. ఆటో కదిలింది. ఒప్పుకుంటే ఇప్పుడు ఉద్యోగమేం పోదు, చేతులు కట్టించేవాళ్ళూ లేరు. అయినా నోరు రాలేదు.

మెట్ల కిందికి వచ్చేసరికి పాత డిస్కు బల్ల మీదే ఉంది. ఇంక పనిలేదని వదిలేసి వెళ్ళింది. దాన్ని చూపుడువేలికి తొడిగి ట్యూబులైటుకు ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలోంచి బయటికి తిన్నగా తుడవాలని ఆమెకెవరూ చెప్పినట్టు లేరు. దుమ్ము అడ్డమొచ్చి మనిషి కనపడటం లేదనుకుని చీరచెంగుతో గుండ్రంగా తుడిచిన గీతలు, ఒకదాని మీద ఒకటి, డిస్కు అంచు దాకా ఉన్నాయి.