రెక్కలకు పూసిన పసుపు

యశోదమ్మ పసుపు పూసి పూజ చేసినందువల్లే ఆమె మనవరాలి పడవ చెరువునీళ్లను వదిలి పైకి లేచిందని ఐరాల చుట్టుపక్కల అందరూ నమ్ముతారు.

ఆ మనవరాలు మహిత తిరుపతిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. పందెపు తెరచాప పడవకు నమూనాగా మనిషి పొడవున ఒకటి చేసింది. దాని అడుగున, విమానానికి ఉన్నట్టు, పలచని రెక్కలుంటాయి. వేగం అందుకోగానే నీరు వాటిని పైకి నెడుతుంది. పడవ ఒళ్లు నీటిని విడిచి, ఒరిపిడి తగ్గి, మరింత వేగంగా దూసుకుపోతుంది. అందుకు రెక్కలు నున్నగా ఉండాలి. మహిత వాటిని అద్దంలా మెరిసేదాకా సాండ్‌పేపర్‌తో రుద్దింది.

ఆ ఆదివారం ఆమె ప్రాజెక్టు గైడు ధనంజయ గారు చెరువు దగ్గరికి వచ్చారు. పడవ లేస్తే జాతీయ పోటీకి పంపుతారు. లేవకపోతే, ఏటా అందరూ చేసే, ఫోనుతో నీటి మోటారు ఆపే పెట్టె చేసుకోవాలి. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నన్ను మహిత ధైర్యానికి తోడు తెచ్చుకుంది.

మేము గట్టు దిగేసరికి, ముందే వచ్చిన యశోదమ్మ పడవకు పూజ ముగించేసింది. రెక్కలు దట్టంగా పచ్చబడి, కుంకుమ బొట్లతో ఉన్నాయి.

"అవ్వా! రెక్కలకెందుకు పూసినావు?"

"ఇంగ యాడ పూయాలే? ట్రాక్టరుకైతే సక్రాలుండాయి. దీనికి కాళ్లేవో సూసి పూసినా."

"తుడిచేయమ్మా," అన్నాను మహితతో.

"పూసిన పసుపు తుడుస్తారా? దేవుడే లేడనేవాడివి, నీకేం తెలుసప్పా!"

మహిత పడవను అలాగే నీళ్లలోకి వదిలింది. తెరచాప నిండింది. పడవ మాత్రం ముక్కు కూడా ఎత్తకుండా నీటిని కోసుకుంటూ బరువుగా సాగింది.

"మా ఎనుము ఇంతకంటే బాగా ఈదుతాది గదబ్బా!" అన్నాడు గేదెను మేపుతూ గట్టు మీద కూర్చున్న చెంగల్రాయుడు.

ధనంజయ గారు వాచీ చూసుకున్నారు. "మోటారు పెట్టె మొదలుపెట్టుకోమ్మా," అని కారు వైపు నడిచారు. మహిత కళ్లు నిండాయి.

యశోదమ్మ ఒడ్డుకు చేరిన పడవను తిప్పి చూసింది. "బొట్టు చెదిరిపోయిండాది. లేస్తాదా మరి? ఉండు, పాతది తీసేసి కొత్తగా పెడతా. అట్లయితే తప్పు లేదు." కొంగు తడిపి రెక్కలను నిగనిగలాడేలా తుడిచి, పసుపు పొట్లం విప్పడానికి కూర్చుంది.

మహిత ఆగలేదు. "సార్, ఒక్కసారి!" అని కేక వేసి పడవను నీళ్లలోకి తోసేసింది. నేను రుమాలు పట్టి చూశాను. గాలి ఇందాకటి కంటే పెరగలేదు.

పడవ కొంత దూరం పోయి, ఒళ్లు విదిలించుకున్నట్టు లేచింది. సన్నటి రెక్కలు మాత్రం నీళ్లలో, మిగతా అంతా గాల్లో!

"ఓర్నాయనో, లేసింది!" అని చెంగల్రాయుడు కూడా లేచి నిలబడ్డాడు. ధనంజయ గారు బూట్లతోనే మోకాటి లోతు నీళ్లలోకి దిగి, "పోటీకి పేరు పంపేస్తానమ్మా!" అని అరిచారు.

యశోదమ్మ తలెత్తి చేతులు జోడించింది. "సూసినారా? నేను పూసినంక ఎట్ల లేసిందో!"

నేను నోరు తెరవబోతే మహిత నవ్వుతూ వద్దని సైగ చేసింది. చెంగల్రాయుడు అప్పటికే ఫోనులో ఊరంతటికీ చెబుతున్నాడు.

పడవ లేచినప్పుడు రెక్కల మీద పసుపు లేదు. పాతది యశోదమ్మ కొంగుకు ఉంది, కొత్తది పొట్లంలోనే ఉంది.