పిట్ట నోటి మట్టి

నేను ఒక మట్టిగూడును. కుమ్మరి కూర్మయ్య తొక్కి ఉంచిన మట్టిని వానకోయిలల జంట ముక్కులతో చిన్నచిన్న ఉండలుగా తెచ్చి, అతని పాక దూలానికి నన్ను అంటించింది. ఒక వరుస ఆరేదాకా రెండోది పెట్టేవి కావు. కింద సారె మీద మాత్రం కుండ ఇట్టే లేచేది. అంత తొందరగా పుట్టినవి నాకంటే గట్టిగా ఎలా ఉంటాయా అని వింతపడేదాన్ని.

"తొక్కిన మట్టంతా ఎత్తుకుపోతన్నాయి మావా" అనేది అతని భార్య పైడమ్మ.

"పోనీయే. ఆటికి తొక్కడం రాదు కదా."

నాలో పిల్లలు పుట్టాక అంచున సన్నటి బీట పడింది. బీట కనబడితే కూర్మయ్య చెయ్యి ఊరుకోదు. పచ్చికుండకైనా పొయ్యికైనా తడిమట్టి రాయాల్సిందే. నిచ్చెనెక్కి నాకూ ఓ ముద్ద మెత్తాడు. సాయం చేయడానికి మనుషులకు తొందరెక్కువ. ఆ తడికి నాని, ఆ బరువుకు ఊడి, మధ్యాహ్నానికి కింది గడ్డి మీద పడ్డాను. పిల్లలు బతికే ఉన్నాయి.

"ఎండినదాని మీద అంత తడిముద్ద నిలుస్తాదేటి? నీకు తెల్దేటి మావా?" అంది పైడమ్మ.

"తెలుసే. సెయ్యే ఆగనేదు."

కూర్మయ్య ఒక ముంతకు పక్క పగలగొట్టి, దూలానికి కట్టి, పిల్లల్ని అందులో పెట్టాడు. పెద్దపిట్టలు చుట్టూ తిరిగాయే గాని వాలలేదు. పిల్లల అరుపు సన్నగిల్లుతోంది. అతను సారె ముట్టలేదు.

"ఇంక రావేమోనే."

పైడమ్మ గడ్డిలోంచి నా పెళ్లలు ఏరింది. "ఆటి సొమ్ము ఆటికియ్యి. పరాయింట్లో ఎవులు దిగుతారు?"

నన్ను ముంత అంచున పేర్చారు. చాలాసేపటికి తల్లిపిట్ట వచ్చి, నా పెళ్లను ముక్కుతో తాకి చూసి, పిల్ల నోట్లో పురుగు పెట్టింది. కూర్మయ్య గోడకు చేరగిలబడ్డాడు.

రెక్కలు రాగానే పిల్లలు వెళ్లిపోయాయి. ఒక్కసారైనా వెనక్కి చూస్తాయనుకున్నాను. ఎగిరేవాటికి ఆ అలవాటు లేదు కాబోలు. పైడమ్మ ముంత దించి నన్ను మట్టిగుంటలో కలిపేసింది.

ఏడాది తిరిగింది. ఇవాళ నేను గుంట అంచున తడిగా ఉన్నాను. నన్ను సారె మీదికి ఎత్తుకోవడానికి కూర్మయ్య వంగాడు. అప్పుడే అవతలి ఒడ్డున ఒక వానకోయిల వాలింది. నేను మోసిన పిల్లేనా, తెలియదు. కూర్మయ్య చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఏటి మావా, అలాగుండిపోనావు?"

"మాటాడకు. ముందు దాన్ని తీసుకోనీ."

కుండనవుతానో, మళ్లీ గూడునవుతానో. పిట్ట గెంతుతూ నా వైపే వస్తోంది.