చామంతి పిట్ట

కోత పండుగ నాడు వన్ టౌన్‌లోని ఆ చిన్న చర్చి ఆవరణ సంతను తలపిస్తుంది. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు తెచ్చిన అరటిగెలలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, ఇంట్లో చేసిన గవ్వలు, అన్నీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఎనభై మూడో సంవత్సరంలో మాత్రం జనం కళ్ళన్నీ ఒక పంజరం మీదే ఉన్నాయి. దాన్ని తెచ్చినవాడు దయానందం, హార్బరు వర్క్‌షాపులో ఫిట్టరు. లవ్ బర్డ్స్ అని మనమంతా పిలిచే రంగురంగుల బుల్లి చిలకలు అతని వరండాలో యాభై దాకా ఉండేవి.

పంజరంలోని పిట్టపిల్లకు ముక్కూ కళ్ళూ కనిపించవు. నీలం ఈకలు వంకీలు తిరిగి ఒళ్ళంతా కమ్మేసి, విచ్చుకున్న చామంతిపువ్వులా ఉంది. దేవుడెంత చిత్రంగా చేశాడో అని ఆడవాళ్ళు మురిసిపోయారు. పిల్లలు ఎగబడ్డారు. దయానందం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ పిట్ట ఎందుకు ఎగరడం లేదని ఎవరూ అడగలేదు. మనతో వచ్చిన చిక్కే అది, చూడ్డానికి అందంగా ఉంటే చాలు, దాని ప్రాణానికి ఎలా ఉందో పట్టించుకోం.

పట్టించుకున్న మనిషి అతని ఇంట్లోనే ఉంది. ఆ ఉదయం దయానందం పంజరానికి రంగు కాగితాలు అంటిస్తుంటే భార్య ప్రేమలీల వచ్చి నిలబడింది.

"ఇలాటివి బతకవని డాక్టరుగారు సెప్పేరు కదండీ. తెలిసీ దేవుడి దగ్గరకి అట్టుకెల్తన్నారేటి?"

ఇష్టంగా పెంచేవాళ్ళ చేతిలో పడితే బతుకుతుందిలే అని అతను ముఖం తిప్పేసుకున్నాడు.

నిజానికి ఆ ఏడాదే అంతకుముందు అలాంటి పిల్లలు రెండు, గుడ్లు పెట్టడానికి కట్టిన అదే గూటికుండలో పుట్టి, నాలుగు నెలలైనా నిండకుండా పోయాయి. రెండోదాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళితే గురునాథరావు డాక్టరు ఈకలను పాయలు తీసి, లోపల ఎండిపోయిన ఒంటిని చూపించాడు. ఇలాంటి పిల్ల ఈకలకు పెరగడం ఆపడం తెలియదు, తిన్నదంతా వాటికే పోతుంది, దీనికి మందు లేదు అన్నాడు. తల్లీతండ్రీ ఎక్కడివని ఆరా తీశాడు. దయానందం నసుగుతూ ఉన్నమాట చెప్పాడు. అవి అన్నాచెల్లెళ్ళు. ఆ నీలం రంగు చెయ్యి జారిపోకూడదని అతనే ఏరి వాటిని జతకట్టాడు. పైకి బాగానే ఉన్న పిట్టల్లోనూ ఈ లోపం దాగి ఉంటుందనీ, తల్లిలోనూ తండ్రిలోనూ ఉంటే పిల్లల్లో కొన్నింటికి బయటపడుతుందనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. ఆ జంటను విడదీయమన్నాడు. వాటి మిగతా పిల్లలను కూడా జతకట్టనివ్వద్దని మరీ మరీ హెచ్చరించాడు.

దయానందం తల ఊపి ఇంటికొచ్చాడు గానీ విడదీయలేదు. ఊళ్ళోవాళ్ళు పనిగట్టుకుని వచ్చి తన వరండా చూసిపోతుంటే అతనికి అదో గొప్ప. బాగున్న పిల్లల్ని అడిగినవాళ్ళందరికీ పంచిపెట్టాడు. కూర్మన్నపాలెంలో ఉండే శుభాకర్ ఏకంగా ఒక జతే పట్టుకెళ్ళాడు. వాళ్ళలో ఒక్కరికీ డాక్టరు మాట చెప్పలేదు.

వేలంలో చామంతి పిట్టను ఆరోగ్యమ్మ పాడుకుంది. ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేసి మానుకున్న ఒంటరి మనిషి. కొర్రలు నానబెట్టి వేలికొసతో తినిపించేది. కళ్ళ మీద పడే ఈకలను చిన్న కత్తెరతో కత్తిరించేది. ఎంత పెట్టినా పిట్ట ఆకలికి సన్నగా మూలుగుతూనే ఉండేది. ఒకరోజు బజారులో దయానందం కనబడితే ఆపి అడిగింది.

"తింటన్నాది గానీ ఒళ్ళు పట్టడం లేదు బాబూ. నానేటైనా తప్పు సేత్తన్నానేటి?"

చలికాలం కదా పిన్నీ, సర్దుకుంటుంది అని అతను జారుకున్నాడు. ఆ తర్వాత ఆమె వీధి తప్పించి చుట్టూ తిరిగి డ్యూటీకి వెళ్ళేవాడు.

జనవరిలో పిట్ట పోయింది. ఆ ఆదివారం సాయంత్రం కూడికలో, ప్రార్థన అవసరాలున్నవాళ్ళు చెప్పమని విజయరత్నం పాస్టరుగారు అనగానే ఆరోగ్యమ్మ లేచింది.

"దేవుడి కానుకని ఇంటికి తెచ్చుకున్నాను. సరిగ్గా సాకలేకపోనాను. రోజూ ఆకలికి ఏడ్సేది. ఆకరికి నా సేతుల్లోనే పోనాది. నా తప్పేటో నాకే తెలవడం లేదు. నన్ను సెమించమని దేవుణ్ణి అడగండి."

దయానందానికి తల కొట్టేసినట్టయింది. తను చేసిన పాపాన్ని ఆ ముసలామె నెత్తిన పెట్టుకుని నలుగురిలో క్షమాపణ అడుగుతోంది. పాస్టరుగారు ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతుంటే అతను లేచి నిలబడ్డాడు. ప్రేమలీల తలెత్తి చూసింది.

"ఆగండయ్యగారూ. తప్పు పిన్నిది కాదు. అది బతకదని నాకు ముందే తెలుసు."

ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ జత సంగతి, డాక్టరు చెప్పినది, ముందు చచ్చిపోయిన రెండు పిల్లల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. తన దగ్గర పిట్టల్ని తీసుకున్నవాళ్ళు వాటిని జతకట్టనివ్వద్దని వేడుకున్నాడు. వెనక బెంచీ నుంచి శుభాకర్ మెల్లగా అన్నాడు.

"మా కుండలో నాలుగు గుడ్లున్నాయి బావా."



కూడిక అయ్యాక ఆరోగ్యమ్మ అతని దగ్గరకొచ్చింది. "నువ్వు సెప్పినా అది బతికుండేది కాదు బాబూ. నాను మాత్రం రాత్రీ పగలూ నన్ను తిట్టుకోకపోదును" అని, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె నాలుగు తిట్టి ఉంటే అతనికి ఎంతో తేలిగ్గా ఉండేది.

మర్నాడే అతను ఆ జంటను విడదీశాడు. పిట్టల్ని ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాడు. కొందరు విన్నారు, కొందరు నవ్వేశారు. శుభాకర్ ఇంట్లో పొదిగిన నాలుగింటిలో ఒకటి చామంతి పిల్ల అయింది. దయానందం దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. డ్యూటీకి ముందూ తర్వాతా ఒళ్ళో పెట్టుకుని తినిపించాడు. ఎంత పెట్టినా అది మూలుగుతూనే ఉంది. మూడు నెలలకు పోయింది.

ఇప్పటికీ పిట్టలు కావాలని వచ్చినవాళ్ళను అతను ముందుగా కూర్చోబెట్టి ఒకే మాట చెబుతాడు: "మన సరదా కోసం ఒక ప్రాణిని పుట్టించేముందు అది సుఖంగా బతకగలదా అని అడిగి తెలుసుకోండి, బతకలేదని తెలిస్తే ఆ జత కట్టకండి, తెలిసిన సంగతి ఎవరి దగ్గరా దాచకండి."