తాడు మీద చెప్పే సినిమా

ఎత్తైన బిల్డింగుల అద్దాలు బయటినుంచి తుడిచే ఆ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. సినిమా కథ నేల మీద చెప్పకూడదు. తాడు మీదే చెప్పాలి. ఇద్దరు పక్కపక్క తాళ్ళ మీద దిగుతూ, ఒకరు వైపర్ లాగుతూ చెబుతుంటే ఇంకొకరు వైపర్ లాగుతూ వింటారు. పై అంతస్తులో మొదలైన కథ కాళ్ళు నేల తాకేలోపు అయిపోవాలి. చిన్న బిల్డింగైతే పాటలూ ఫ్లాష్‌బ్యాకూ ఎగిరిపోతాయి. పెద్దదైతే విలన్ చిన్నప్పుడు పడ్డ కష్టాలు కూడా వినాల్సిందే. తర్వాత విన్నవాళ్ళు ఇంటికెళ్ళి ఆ సినిమా చూసి, బాగోలేదంటే చెప్పినవాళ్ళు మర్నాడు అందరి బకెట్లూ మోయాలి.

ఎక్కువగా మోసేది లంబు. మనిషి పొడుగు, సినిమాలూ పొడుగే. అతను చెప్పేవన్నీ కొండలెక్కేవాళ్ళ డాక్యుమెంటరీలు. ఎక్కుతారు, మంచు పడుతుంది, మళ్ళీ ఎక్కుతారు. బల్లి మాత్రం ఎప్పుడూ బకెట్ మోయలేదు. గోడకి అంటుకుపోతుందని ఆమెకా పేరు పెట్టారు. అద్దం తుడవడంలోనూ కథ చెప్పడంలోనూ ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె కథ చెబుతుంటే లంబు వినడంలో పడి తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచేవాడు.

ఇప్పుడు బల్లి నేల మీద ఉంది. గాలి విసురుకి పిట్టగోడ అంచున తాడు కింద వేసిన రబ్బరు ముక్క పక్కకి పోయింది. తాడు అంచు మీద జారింది. ఆమె మూరెడు కిందికి పడింది. రక్షణ కోసం కట్టిన రెండో తాడు మీది బ్రేకు పట్టేసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ మూరెడులో పై ప్రాణాలు పైనే పోయాయి. పైకి లాగేదాకా ఎదురుగా అద్దంలో తన మొహమే చూస్తూ వేలాడింది. అద్దం వెనక బల్ల దగ్గర కూర్చున్నాయన ఒకసారి చూసి, లేచి, కర్టెన్ వేసుకున్నాడు.

ఆ తర్వాత పిట్టగోడ ఎక్కినప్పుడల్లా కాళ్ళు బాగానే దిగుతున్నాయి. ఎడమచెయ్యే గోడని వదలడం లేదు. ఆమె చెబుతుంది, చెయ్యి వినదు. దాంతో కింద రిబ్బన్ కట్టడం, నడిచేవాళ్ళని పక్కకి పంపడం, బకెట్లు నింపడం ఆమె పనులయ్యాయి.

ఒక శనివారం మేస్త్రి ఆమెని పిలిచాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"సోమవారం పెద్ద బిల్డింగు మొదలు. నీ తాడు నీకే కడతా. దిగావా సరే. లేదంటే నీ బెల్టు ఇంకొకళ్ళకి సర్దుతా. కింద పనీ పనే, తప్పేం లేదు."

తాడుకి తగిలించుకునే బెల్టులు గోడ కొక్కేలకి వేలాడుతున్నాయి. ఎవరి కొక్కెం వాళ్ళది. ఒకరి బెల్టు ఇంకొకరు ముట్టుకోరు. బల్లి తన బెల్టు వైపు చూసి, "దిగుతా మేస్త్రీ" అంది.

లంబు గేటు దాకా వెంటవచ్చాడు. "చెల్లెమ్మా, ఇంకో డాక్యుమెంటరీ పంపిస్తా. ముసలాయన. చలికి కాలివేళ్ళు పోయాయి. అయినా అదే కొండకి మళ్ళీ వెళ్ళాడు. చూస్తే కొండంత ధైర్యం వస్తుంది."

"అన్నా, నువ్వు ఇదివరకు పంపినవి చూసి కొండంత భయం వచ్చింది. ఇంకా ఎన్ని కొండలు మోయను?"

"ఇది వేరు."

"అదీ వేరన్నావు."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లి ఆ డాక్యుమెంటరీ పెట్టుకుంది. భర్త బేకరీలో డ్యూటీకి పోయాడు. ఇంట్లో ఆమే, అత్తగారే. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. రోజంతా మంచం మీద కాళ్ళు చాపుకుని సినిమాలు చూస్తుంది. చూసేవన్నీ చెత్త సినిమాలే. రబ్బరు రాక్షసులు, అట్టముక్కల విమానాలు, కెచప్ రక్తం. మంచి సినిమా ఎవరైనా చూస్తారు, చెత్త సినిమా చివరిదాకా చూడాలంటే గుండె ఉండాలని ఆవిడ సిద్ధాంతం.

తెర మీద ముసలాయన మంచుగోడ ఎక్కుతున్నాడు. బల్లి ఆపింది. తెర దగ్గరికి వెళ్ళి ముడి చూసింది. మళ్ళీ నడిపింది. మళ్ళీ ఆపింది.

"ఏమే, అది సినిమానా, ఎక్స్‌రేనా? అన్నిసార్లు ఆపి చూస్తున్నావు."

"తాడు రాయికి రాసుకుంటోంది అత్తయ్యా. కింద ఏమీ వెయ్యలేదు."

"వాడు బతికే ఉన్నాడుగా. మొదట్లో కుర్చీలో కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చాడు."

"తెలుసు. అయినా నా చేతులు చూడండి." అరచేతుల్లో చెమట.

అత్తగారు కొంతసేపు చూసింది. ముసలాయన ఒంటరిగా వేలాడుతున్నాడు. చుట్టూ ఆకాశం. వెనక వయొలిన్.

"ఒక్కడే వెళ్ళాడా?"

"ఒక్కడే అంటున్నారు."

"మరి ఈ కెమెరా పట్టుకున్నవాడు ఎక్కడ నిలబడ్డాడే?"

బల్లి మళ్ళీ తెర ఆపింది. ఇన్ని డాక్యుమెంటరీలు చూసింది, ప్రతి ముడీ చూసింది, ఆ మాట మాత్రం తట్టలేదు. ఆ కెమెరామనూ ఏదో తాడుకి వేలాడుతూనే ఉండాలి. ఆ తాడునీ ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉండాలి. వాళ్ళెవరూ తెర మీదికి రారు.

"ఇటివ్వు రిమోట్. నీ లంబుగాడి వైద్యం చాలు. నా మందు వేసుకో."

ఆవిడ పెట్టిన సినిమా పేరు 'బ్యూటీ పార్లర్‌లో ఆక్టోపస్'. సముద్రపు ఒడ్డున ఒక ఊరు. షాంపూ నురగ డ్రైనేజీలోంచి సముద్రంలోకి పోయి, అది తాగిన ఆక్టోపస్ ఏనుగంత పెరుగుతుంది. పగ పట్టి పార్లర్ మీదికి వస్తుంది. దాని కాళ్ళని లాగే తీగలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక కాలు మధ్యలో ఊడిపోతే హీరోయినే తీసి దానికి అందిస్తుంది. బల్లి మొదట ముభావంగా చూసింది. ఆక్టోపస్ హెయిర్ డ్రయర్‌ల కింద వరుసగా కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు పొట్ట పట్టుకుని నవ్వింది.

చివర్లో హీరో తాడు పట్టుకుని లైట్‌హౌస్ ఎక్కుతాడు. అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

"ఇక్కడ చూడు. హీరోని కాదు, కిందమూల చూడు."

తెర కిందమూలలో నిక్కరు వేసుకున్న ఒక లావుపాటి మనిషి ఉన్నాడు. హీరో తాడు అతని కుడిచేతిలో ఉంది. ఎడమచేతిలో సగం తిన్న అరటిపండు. కెమెరా తనమీద పడిందని అతనికి అర్థమైంది. పండు నోట్లో కుక్కుకున్నాడు. మెల్లగా వంగాడు, ఇంకా వంగాడు, అట్టతో చేసిన బండరాయి వెనక్కి దాక్కున్నాడు. మనిషి కనబడటం లేదు. రాయి పక్కనుంచి బయటికి వచ్చిన ఆ చెయ్యి మాత్రం తాడుని పట్టుకునే ఉంది.

"వీడే నా హీరో," అంది అత్తగారు. "కెమెరా పడింది, పరువు పోయింది, నోట్లో అరటిపండు ఇరుక్కుంది. తాడు వదిలాడా?"

బల్లి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఇంకోసారి వెయ్యండి అత్తయ్యా." మళ్ళీ చూసింది. నవ్వు ఆగిపోయాక కూడా ఆ చేతిని చూస్తూనే ఉంది.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి లంబుకి ఫోన్ చేసింది.

"అన్నా, ఆరోజు నేను జారినప్పుడు పైన ఎవరున్నారు?"

"మేస్త్రి."

"ఏం చేశాడు?"

"నీకు తెలీదా? తాడు జారగానే వచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పటికే బ్రేకు పట్టేసింది, ఆయన పట్టుకున్నా పట్టుకోకపోయినా ఒకటే. వదలమంటే వదల్లేదు. నిన్ను లాగేదాకా అలాగే ఉన్నాడు. అరచేతులు రెండూ కొట్టుకుపోయాయి. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

"ఎందుకని అడిగితే చెప్పే మనిషా? సర్లే, డాక్యుమెంటరీ ఎలా ఉంది?"

"నువ్వు బకెట్లు మోయాలి అన్నా. నేను ఇంకోటి చూశాను, ఆక్టోపస్‌ది."

"ఏంటా కథ?"

"నేల మీద చెప్పకూడదు," అని ఫోన్ పెట్టేసింది.

సోమవారం పొద్దున టెర్రస్ మీద గాలి లేదు. మేస్త్రి ప్రతి తాడునీ లాగి చూశాడు, ప్రతి బకిలునీ గుంజి చూశాడు. తర్వాత ఎప్పటిలాగే తాళ్ళు కట్టిన ఉక్కు కమ్మీల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అంచు నుంచి చూస్తే ఆయన కనబడడు. లిఫ్టు గది అడ్డం.

లంబు అప్పటికే అవతలి తాడు మీద ఉన్నాడు. తల ఒక్కటే పైకి కనిపిస్తోంది. "రా చెల్లెమ్మా. ఆక్టోపస్ ఎదురుచూస్తోంది."

బల్లి పిట్టగోడ ఎక్కి టెర్రస్ వైపు తిరిగింది. కాళ్ళు బయట పెట్టింది. బరువు తాడు మీద వేసింది. ఎడమచెయ్యి గోడని పట్టుకుంది. వదలమంది. వదల్లేదు. వేళ్ళు తెల్లబడ్డాయి.

"మేస్త్రీ!"

లిఫ్టు గది వెనకనుంచి ఆయన వచ్చాడు. "వెనక్కి వచ్చేస్తావా అమ్మాయ్?"

"కాదు. మీరిక్కడ కూర్చోండి. ఈ రబ్బరు ముక్క పక్కన. నాకు కనబడాలి."

"నేను కనబడితే ఏమొస్తుంది? తాడు కమ్మీకి కట్టుంది. నేను పట్టుకున్నందువల్ల ఆగదు."

"ఆరోజూ ఆగదనే పట్టుకున్నారా?"

మేస్త్రి లంబు వైపు చూశాడు. లంబు తల కిందికి వెళ్ళిపోయింది. మేస్త్రి వచ్చి రబ్బరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. తాడు మీద చెయ్యి వేశాడు. అరచేతిలో కొత్త చర్మం నున్నగా, గులాబీ రంగులో ఉంది.

"చాలా?"

"మీ సంచిలో అరటిపండు ఉందా?"

"ఏంటీ?"

"టిఫిన్‌కి తెచ్చుకుంటారుగా. తీసి తినండి."

"అమ్మాయ్, నీకేమైనా…"

"దణ్ణం పెడతా మేస్త్రీ. తినండి."

ఇన్నేళ్ళలో ఎవరూ ఆయనకి పని చెప్పింది లేదు. ఆయన ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో సంచిలోంచి పండు తీసి, పళ్ళతో తొక్క ఒలిచి, ఒక ముక్క కొరికాడు. బుగ్గ ఉబ్బింది. ఏమీ అర్థంకాని మొహంతో నములుతూ ఆమెనే చూశాడు.

బల్లికి నవ్వు తన్నుకొచ్చింది. పొట్టలోంచి వచ్చింది, భుజాలు ఊగాయి, నవ్వు ఆపుకోడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది ఎడమచెయ్యి.

ముందు లంబు చూశాడు. "చెల్లెమ్మా!"

ఆమె చేతిని చూసుకుంది. చెయ్యి గోడ మీద లేదు. బ్రేకు సడలించింది. పిట్టగోడ ఆమె కళ్ళ ఎత్తుకి వచ్చింది, తర్వాత తల మీదికి వెళ్ళింది. ఆఖరుగా కనిపించింది తాడు మీది మేస్త్రి చెయ్యి. ఎదురుగా మురికి పట్టిన అద్దం, అందులో తన మొహం. ఆమె దానిమీద సబ్బు నీళ్ళు కొట్టి వైపర్ ఒక్క లాగు లాగింది.

"సముద్రపు ఒడ్డున ఒక ఊరు," అంది. "ఊళ్ళో ఒక బ్యూటీ పార్లరు."

పై అంతస్తుల్లో షాంపూ నురగ సముద్రంలో కలిసింది. మధ్య అంతస్తులకి వచ్చేసరికి ఆక్టోపస్ తలుపు తట్టింది. కాలు ఊడిపోయిన సీను దగ్గర లంబు చేతిలోంచి వైపర్ జారి, దారానికి వేలాడింది. హెయిర్ డ్రయర్‌ల సీను బల్లి రెండు చేతులూ రెండు కాళ్ళూ వాడి చూపించింది. రెండు చేతులూ. అద్దం అవతల ఆఫీసువాళ్ళు కుర్చీలు వదిలి వచ్చి నిలబడ్డారు. వాళ్ళకి ఒక్క మాట వినబడదు. అయినా నవ్వుతున్నారు. ఒకాయన ఇంకా బాగా కనబడాలని కర్టెన్ పూర్తిగా పక్కకి లాగాడు.

లైట్‌హౌస్ దగ్గర బల్లి కావాలని నెమ్మదించింది. అరటిపండు మనిషి రాయి వెనక దాక్కునేసరికి ఇంకో అంతస్తే మిగిలింది. లంబు తలెత్తి పైకి చూశాడు.

"అందుకా," అన్నాడు.

"అందుకే," అంది బల్లి. కాళ్ళు నేలని తాకాయి.

రిబ్బన్ అవతల అత్తగారు నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులతో బస్సులో పడి వచ్చింది. కోడలు చేసే పని చూడటం అదే మొదలు. మెడ పైకెత్తి ఉండటంవల్ల పట్టేసినట్టుంది, చేత్తో నొక్కుకుంటోంది.

"కిందనుంచి చూస్తే నువ్వే ఆక్టోపస్‌లా ఉన్నావే," అంది. "ఆఖర్న ఆక్టోపస్ ఏడుస్తుంది, అది చెప్పావా లేదా?"

"అంతస్తులు అయిపోయాయి అత్తయ్యా."

"ముఖ్యమైంది వదిలేశావన్నమాట."

"నేల మీద చెప్పింది లెక్కలోకి రాదు," అన్నాడు లంబు. "ఆ ఏడుపు నేను విననట్టే."

బల్లి నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. మేస్త్రి.

"అమ్మాయ్, దిగావా?"

"దిగాను మేస్త్రీ."

మళ్ళీ గరగర.

"అరటిపండు సంగతి ఏంటి?"

అత్తగారు ఆ పెట్టె వంక ఆసక్తిగా చూసింది. బల్లి హెల్మెట్ పట్టీ వదులు చేసుకోబోయింది, ఆగి మళ్ళీ బిగించుకుంది.

"నేల మీద చెప్పకూడదు మేస్త్రీ. మీ బెల్టు వేసుకోండి. నా పక్క తాడు మీదికి మీరు రండి. లంబన్న పైన కూర్చుంటాడు."

"నేను తాడు దిగి ఎన్నేళ్ళయిందో తెలుసా?"

"భయపడకండి. ఇంకో అరటిపండు కొనుక్కుని లంబన్న నాతో పైకి వస్తున్నాడు."

ఆమె బకెట్లు రెండూ లంబు చేతికిచ్చింది. ఒట్టి చేతులు ఊపుకుంటూ లిఫ్టు వైపు నడిచింది.