నాలుగో గడి

అక్క ఎంబ్రాయిడరీ కుట్టే మనిషి. పువ్వుకు ఒక్క రేక తగ్గినా ఆమెకు ముద్ద దిగదు. అలాంటి మనిషి చేతికి క్యూఆర్ కోడ్ ఇవ్వడం తమ్ముడు చేసిన మొదటి పొరపాటు.

తమ్ముడు దుకాణాలకు ఫోన్లలో ప్రచారం చేసిపెడుతుంటాడు. నోరు విప్పాడంటే ఆగడు గానీ, అక్కంటే ప్రాణం. బట్టల ఫ్యాక్టరీలో బావ అప్పటికే మాట్లాడి ఉంచాడు. ఊళ్లో జరగబోయే చేతిపనుల ప్రదర్శనలో ఆర్డర్లు రాకపోతే అక్క తన కొట్టుకు తాళం వేసి, అక్కడికెళ్లి కాలర్లు కుట్టాలి. రోజంతా కాలర్లే.

అందుకని తమ్ముడు ఒక కోడ్ తయారుచేసి, కాగితం మీద ఇచ్చి, దాన్ని దుప్పటంత గుడ్డ మీద కుట్టమన్నాడు. దానికి ఫోన్ చూపిస్తే అక్క పనితనం ఫోటోలన్నీ వచ్చేస్తాయట. అక్క కుట్టింది. మూడు మూలల్లో మూడు పెద్ద గడులున్నాయి, నాలుగో మూలలో లేదు. పాపం, తొందరలో మర్చిపోయాడనుకుని, ఆ నాలుగోది కూడా ముచ్చటగా కుట్టేసింది.

ప్రదర్శనలో ఆ గుడ్డను స్టాల్ ముందు కర్రలకు కట్టారు. పొద్దున ఏ ఫోనూ పలకలేదు. జనం దగ్గరికొచ్చారు, వెనక్కి జరిగారు, గుడ్డ ముడత పడిందేమోనని సరిచేశారు. చెయ్యి తగిలేసరికి అది అచ్చు కాదు, కుట్టు అని తెలిసింది. ఒకావిడ ఫోన్ సంచిలో పడేసి, ఎన్నాళ్లు పట్టిందని అడిగింది. అక్క కుర్చీలోంచి లేచి కుట్టు చూపించింది. ఆవిడ కూతురి గౌనుకు కొలతలిచ్చి వెళ్లింది. ఆమె వెనకే మరొకావిడ వచ్చి నిలబడింది.

మధ్యాహ్నం తమ్ముడొచ్చి, గుడ్డ చూసి తల పట్టుకున్నాడు.

"నాలుగో గడి ఎవరు పెట్టమన్నారక్కా?"

"నువ్వు మర్చిపోయావు కదరా."

ఆ మూలలో పెద్ద గడి లేకపోతేనే కోడ్‌కు పైనేదో కిందేదో ఫోన్‌కు తెలుస్తుందని చెప్పి, కత్తెర పట్టుకుని ఆ గడి దారాలన్నీ ఊడదీశాడు. అక్కడ ఉండాల్సిన చిన్న గడుల్ని అక్క చేతే మళ్లీ కుట్టించాడు.

ఇక చూడాలి! ప్రతి ఫోనూ పలికింది. జనం దూరంగానే ఆగి, ఫోన్ ఎత్తి, దించి, నడుస్తూనే ఫోటోలు చూసుకుంటూ పోయారు. ఒకాయన బాగున్నాయని మెచ్చుకున్నాడు, అదీ ఫోన్‌లోకి చూస్తూనే. అక్క ఎదురుగానే ఉంది. ఆ తర్వాత ఆమెకు కుర్చీలోంచి లేవాల్సిన పనే పడలేదు.

తమ్ముడు మాత్రం పొంగిపోయాడు. ఎంతమంది చూశారో, ఎంతసేపు చూశారో చూడమంటూ ఫోన్ ఆమె ముందు పెట్టాడు. అక్క దానివైపు కన్నెత్తి చూడలేదు.

"పొద్దున వాళ్లు నన్ను అడిగారురా. ఇప్పుడు నన్నెవరూ ఏమీ అడగట్లేదు. నాకు భయమేస్తోంది."

తమ్ముడు ఆమె ముందు నుంచి ఫోన్ తీసేశాడు. పక్క స్టాల్లో అడిగి ఒక కుర్చీ తెచ్చాడు. కోడ్ గుడ్డను కర్రల నుంచి విప్పి, అక్క ముందున్న బల్ల మీద పరిచి, బల్లకు ఇవతల ఆ కుర్చీ వేశాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, దారిన పోతున్న ఒక పెద్దావిడకు ఎదురెళ్లాడు.

"కాసేపు కూర్చోండమ్మా. మా అక్క పని చూద్దురు గాని."